దిబ్బ మీది డబ్బు

వంశధార సముద్రంలో పడే చోట
ఒక ఇసకదిబ్బ ఉండేదిట.
ఇరవై మూడు గుడిసెలు, ఒక కొట్టు.
పటంలో లేదు, పన్ను కట్టలేదు,
డబ్బు మాత్రం సొంతంగా ఉండేది.

ఇదంతా మా నాన్నమ్మ సూరాడ ఎర్రమ్మ
కళింగపట్నం ఆఖరి బస్సులో చెప్పింది,
కండక్టరు సీట్లో నేను
టిక్కెట్ల లెక్క తప్పుతూంటే.

మొదట్లో ఎండు కవళ్లే నాణేలు.
పుంజీకి ఉప్పు, మూడు పుంజీలకి పొగాకు.
"మా డబ్బు కంపుకొట్టీది గుంటడా,
పిల్లులు దోసుకుపోయీవి."

తర్వాత యుద్ధం.
విశాఖ మీద బాంబులు పడ్డాయన్నారు.
కాకులు కూడా కంగారుపడ్డాయిట.
రాగి కానీలు కంటికి ఆనడం మానేశాయి.
అప్పుడు కొట్టు కోట్ని బంగారయ్య
పేకదస్తా ముందేసుకుని కూర్చున్నాడు.
ఆసు రూపాయి. రాజు అర్ధరూపాయి. రాణి పావలా.
జాకీ బేడ, అడ్డంగా కోస్తే చెరో అణా.
వెనక నల్లసిరా సంతకం,
దాని పక్కన చింతచెక్కతో కొట్టిన చేప ముద్ర.

మైలపల్లి దాసుడు దొంగముద్ర చెక్కాడు.
వాడి చేప మరీ అందంగా ఉందిట, అందుకే దొరికాడు.
శిక్ష ఏమిటంటే
కొత్త ముద్ర వాడే చెక్కాలి.

చివరికి మిగిలింది జోకరు.
దాని మీద బంగారయ్య సంతకం పెట్టాడు,
విలువ రాయలేదు.
ఎర్రమ్మ తండ్రి వలతో సహా తిరిగిరాని వారం
ఆ ముక్క తెచ్చి ఆమె తల్లి చేతిలో పెట్టాడు.
"ఇదెంతకి బాబూ?"
"నీకెంత కావాలంటే అంతకి. ఒక్కసారికే."

ఆమె దాన్ని చోళ్లకుండలో దాచింది.
ఆకలేసిన ప్రతిసారీ తీసి చూసేది.
ఇంతకన్నా పెద్దాకలి వస్తాదేమో అని
మళ్లీ లోపల పెట్టేసేది.

ఒక జ్వరానికి బంగారయ్య పోయాడు.
తెల్లారేసరికి దిబ్బంతా వట్టి పేకముక్కలు.
మగాళ్లు వాటితోనే ఆడుకున్నారు,
సగం జాకీలతో ఆట కుదరక తిట్టుకున్నారు.
దిబ్బ ఎప్పుడు కొట్టుకుపోయిందని అడిగితే
నాన్నమ్మ సంవత్సరం చెప్పదు.
"రెండో పెద్దగాలికి" అంటుంది.

ఆ నవంబరులో
గార బ్యాంకు ముందు నాతోపాటు ఎండలో నిలబడింది,
కొంగుముడిలో నాలుగు అయిదొందల నోట్లు.
చెల్లవని ఎవరో మళ్లీ చెప్పారు.
ఆవిడ గట్టిగా నవ్వింది, క్యూ అంతా వెనక్కి తిరిగింది.
"బంగారయ్య సచ్చిపోనాడు, ఆడి డబ్బు సచ్చిపోనాది.
మరిది ఎవులు సచ్చిపోనారని?"

జోకరిప్పుడు నా దగ్గరుంది.
రంగు పోయి టోపీ, ఒక కన్ను మిగిలాయి.
పాత నాణేలు కొనేవాడొకడు కాంప్లెక్సులో చూసి
ఏ దేశం అన్నాడు.
దేశం నీళ్లలో ఉందన్నాను.
ఇరవై ఇస్తానన్నాడు. జేబులో పెట్టేసుకున్నాను.
మా ముత్తవ్వ ఇంతకన్నా పెద్ద బేరాలే చూసింది.

నాకూ రోజూ చిల్లర కరువే.
టిక్కెట్టు వెనక "మూడు" అని రాసి
చుట్టూ సున్నా చుట్టి ఇస్తాను.
దిగేటప్పుడు అడగమంటాను.
సగం మంది మరిచిపోతారు. నిజం చెప్పొద్దూ,
సగం సార్లు నేనూ మరిచిపోతాను.

మొన్న అంపోలు దగ్గర ఒకావిడ,
నెత్తిన రొయ్యపొట్టు గంప,
కొంగులోంచి టిక్కెట్టు ముక్క తీసింది.
నాలుగైదు ఉతుకులు ఉతికినట్టుంది,
రాత పోయింది,
నేను చుట్టిన సున్నా మాత్రం ఉంది.

"ఎంతమ్మా ఇది?"
"నువ్వే కదా రాసినావు."

సంచిలో చెయ్యి పెట్టాను.
అన్నీ నోట్లే.

"పోనీలే బాబూ, రేపియ్యి," అంది
గంప సర్దుకుంటూ,
"రేపు నువ్వే వస్తావు కదా?"

డ్రైవరు హారన్ కొడుతున్నాడు.
విజిల్ నోట్లో పెట్టుకున్నాను,
కాసేపు ఊదలేదు.